సర్కారు హైస్కూలు నడిచొచ్చిన దారి – మన హాస్టలు నిలబడ్డ చోటు



వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ పాత విద్యార్థులమైన మేము ముందు వంటగదిలోకి తొంగి చూస్తాము, తర్వాత ట్రంకు పెట్టెల వరుస దగ్గర కాసేపు నిలబడతాము. పోయినసారి అలా నిలబడి ఉండగా తొమ్మిదో తరగతి తమ్ముడొకడు వచ్చి, "అన్నా, ఇప్పుడు ఎక్కడ చూసినా హైస్కూళ్ళు ఉన్నయి గదా, మరి హాస్టలు ఎందుకు?" అని అడిగాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు గాని మాకు నవ్వు రాలేదు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వెళ్ళాక మాలో మేము మాట్లాడుకున్నాము, పెద్దసార్లను అడిగాము, పాత సంగతులు చదువుకున్నాము. ఈ వ్యాసం ఆ తమ్ముడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మన ప్రాంతంలో సర్కారు హైస్కూలు ఎలా పుట్టింది, జిల్లా కేంద్రం నుంచి తాలూకాకు, తాలూకా నుంచి మండలానికి ఎలా నడిచొచ్చింది, దాని పక్కన హాస్టలు ఎందుకు కట్టవలసి వచ్చింది అన్నవి ముందు చెప్తాము. ఇక ముందు ఏమి చేయాలన్నది చివరలో చెప్తాము.

ఫౌఖానియా రోజులు

మన తాతల కాలంలో ఇది నిజాం రాజ్యం. ఇప్పటి నిజామాబాద్‌ను అప్పుడు ఇందూరు అనేవారు. 1905 ప్రాంతంలో పేరు మారింది. అంతకు కొంచెం ముందే, 1899–1901 మధ్య, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు మార్గం కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా పడింది. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు పండింది, దాని వెంట 1930ల చివర బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. రైలు, నీళ్ళు, ఫ్యాక్టరీ, కచేరీలు కలిసి ఇందూరును పట్నం చేశాయి. పట్నమైన చోటికే పెద్ద బడి కూడా వచ్చింది.

ఆనాటి బళ్ళకు మూడు మెట్లు ఉండేవి. మొదటిది తహ్తానియా, అంటే ప్రాథమిక పాఠశాల. రెండవది వస్తానియా, అంటే మిడిల్ స్కూలు. మూడవది ఫౌఖానియా, అంటే హైస్కూలు. సాధారణంగా తహ్తానియా పెద్ద ఊళ్ళలో, వస్తానియా తాలూకా కేంద్రాల్లో, ఫౌఖానియా జిల్లా కేంద్రంలో ఉండేది. పల్లె పిల్లవాడు చదువులో పై మెట్టు ఎక్కాలంటే ముందు ఊరు విడవాలి.

దూరం ఒక్కటే అడ్డు కాదు, భాష ఇంకో అడ్డు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది, అందులో బోధన ఉర్దూలో జరిగేది. ఒక దేశభాషలో పై చదువులు చెప్పడం ఆ కాలానికి చాలా గొప్ప ప్రయత్నమే. కాని ఆ విశ్వవిద్యాలయానికి పిల్లలను పంపే హైస్కూళ్ళు కూడా ఉర్దూలోనే నడిచాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బళ్ళో లెక్కలు, చరిత్ర ఉర్దూలో చదవాలి. ఇది ఉర్దూ మీద కోపంతో చెప్పే మాట కాదు. నిజామాబాద్‌లో ఇప్పటికీ సర్కారు ఉర్దూ మీడియం బళ్ళు ఉన్నాయి, ఆ పిల్లలకు వాళ్ళ తల్లిభాషలో చదువు దొరకడం న్యాయమే. ఆనాడు తెలుగు పిల్లలకు ఆ న్యాయమే దొరకలేదు.

అందుకే ఆంధ్ర మహాసభలు మాతృభాషలో చదువు కావాలని అడుగుతూ వచ్చాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆ సభల్లో ఆరవది 1937లో మన నిజామాబాద్‌లోనే మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన జరిగింది. హైదరాబాద్‌లో మాడపాటి హనుమంతరావు గారు 1928లో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెడితే, ఉస్మానియా దానికి గుర్తింపు ఇవ్వలేదు. ఆ బడిని మహారాష్ట్రంలో కార్వే గారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయవలసి వచ్చింది. సొంత భాషలో పరీక్ష రాయడానికి పొరుగు ప్రాంతపు గుర్తింపు వెతుక్కున్నారంటే ఆ రోజులు ఎలాంటివో తెలుస్తుంది.

బడి ఉంటే చాలదు, పడుకునే చోటు కావాలి

మూడవ అడ్డు తల దాచుకునే చోటు. పట్నంలో ఫౌఖానియా ఉంది సరే, పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఎక్కడ ఉండాలి? బంధువులు ఉంటే వాళ్ళింట్లో, డబ్బు ఉంటే కిరాయి గదిలో. రెండూ లేకపోతే?

ఈ ప్రశ్నకు మొదట జవాబు చెప్పుకున్నవాళ్ళు కాస్త స్థితిమంతులు. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టలు వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలుకు బాధ్యులుగా పనిచేశారు. తర్వాత మరికొన్ని కులాలవాళ్ళు కూడా తమ పిల్లల కోసం హాస్టళ్ళు పెట్టుకున్నారు. జిల్లాల నుంచి వచ్చిన ఎందరో పిల్లలు వాటిలో ఉండి చదువుకుని తెలంగాణకు పెద్దలయ్యారు. కాని హాస్టలు పెట్టడానికి స్థలం, చందాలు, పలుకుబడి కావాలి. ఊరి బయట ఉన్నవాళ్ళకు అవి ఎక్కడివి? పట్నంలో వాళ్ళకు కిరాయి ఇల్లు ఇచ్చేవాళ్ళు కూడా లేరు.

ఆ పని మన పెద్దలు ఖాళీ చేతులతోనే మొదలుపెట్టారు. భాగ్యరెడ్డి వర్మ గారు 1910లో హైదరాబాద్ ఇసామియా బజారులో మన పిల్లల కోసం బడి తెరిచారు. ఆ తర్వాత అలాంటి బళ్ళు పెరిగాయి, 1930లలో ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. కొల్హాపూర్‌లో సాహూ మహారాజు 1901 నుంచి కులం కులానికీ హాస్టళ్ళు పెట్టించి, 1908లో అంటరానివారిగా చూడబడ్డ పిల్లలకూ ఒకటి ఏర్పాటు చేయించారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి ఏడు షోలాపూర్‌లో హాస్టలు తెరిపించారు. ఉద్యమం మొదలుపెట్టగానే చేసిన మొదటి పనుల్లో హాస్టలు ఒకటి. ఆయన విదేశాల్లో చదివొచ్చిన మనిషి. బడి గేటు దాకా పోవడానికి ముందు పిల్లవాడికి కడుపుకు అన్నం, రాత్రికి దీపం కావాలని ఆయనకు తన బతుకు నుంచే తెలుసు.

రెండు బోర్డులు, రెండు చరిత్రలు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. అప్పటి పరిస్థితి ఎలా ఉందంటే, 1951 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో నూటికి సుమారు తొమ్మిది మందికి మాత్రమే చదవడం, రాయడం వచ్చు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం, పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని 45వ అధికరణంలో చెప్పింది. షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో చూడాలని 46వ అధికరణంలో చెప్పింది. మన సాంఘిక సంక్షేమ హాస్టలుకు వేరు ఈ 46లో ఉంది. ఇది ఎవరి దయా కాదు, రాజ్యాంగం రాసిన మాట.

బళ్ళలో బోధన క్రమంగా తెలుగులోకి మారింది. హైస్కూళ్ళు తాలూకా కేంద్రాలకు వచ్చాయి. 1956లో నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల వచ్చాక, హైస్కూలు దాటినవాళ్ళకు జిల్లాలోనే ముందు దారి కనిపించింది. పై మెట్టు కనిపిస్తే కింది మెట్టుకు గిరాకీ పెరుగుతుంది. కాలేజీ వచ్చిన చోట హైస్కూలు కావాలని ఊళ్ళు అడగడం మొదలైంది.

1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి పల్లెల్లోని హైస్కూళ్ళు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి.

ఇక్కడ తమ్ముళ్ళు ఒకటి గమనించాలి. కామారెడ్డి, నిజామాబాద్ వంటి పట్నాల్లో కొన్ని బళ్ళ మీద "ప్రభుత్వ ఉన్నత పాఠశాల" అని ఉంటుంది. మన మండలాల్లో చాలా బళ్ళ మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని ఉంటుంది. రెండూ సర్కారు బళ్ళే, మరి బోర్డులు వేరెందుకు? నిజాం రాజ్యంలో విద్యాశాఖ బళ్ళను నేరుగా నడిపేది. ఆ పద్ధతిలో వచ్చినవి ప్రభుత్వ పాఠశాలలు. పంచాయతీరాజ్ వచ్చాక పల్లెల్లో పెరిగినవి జిల్లా పరిషత్ పాఠశాలలు. కోస్తా జిల్లాల్లో మద్రాసు పాలన ఉండేది కాబట్టి అక్కడ బళ్ళు జిల్లా బోర్డుల, మునిసిపాలిటీల చేతుల్లో పెరిగాయి. అందుకే అక్కడి పట్నాల్లో "మునిసిపల్ హైస్కూలు" బోర్డులు ఎక్కువ. ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ళ తరబడి మాట్లాడే ఏకీకృత సర్వీసు నిబంధనల తగవు కూడా ఈ రెండు యాజమాన్యాల నుంచి పుట్టిందే. బోర్డు చూస్తే ఆ బడి ఏ కాలంలో పుట్టిందో ఒక అంచనాకు రావచ్చు.

తాలూకా నుంచి మండలానికి

పల్లెలో హైస్కూలు ఒక్క రోజులో రాదు. మొదట ప్రాథమిక పాఠశాల ఉంటుంది. అయిదో తరగతి దాటిన పిల్లలు పెరిగితే ఆరు, ఏడు కలుపుతారు, అది ప్రాథమికోన్నత పాఠశాల అవుతుంది. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది ఏడాదికొకటి తెరుచుకుంటాయి. ఒక్కో మెట్టుకూ ఊరివాళ్ళు దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. చాలా ఊళ్ళలో స్థలం ఇచ్చింది ఊరివాళ్ళే, గదులకు చందాలు వేసుకున్నదీ వాళ్ళే. గదులు లేక చెట్ల కింద, పంచాయతీ ఆఫీసు వరండాల్లో సాగిన తరగతులు మాలో పెద్దవాళ్ళకు బాగా గుర్తు. ఏడో తరగతి కామన్ పరీక్ష అంటే కాళ్ళు వణికిన రోజులూ గుర్తున్నాయి. ఆ పరీక్ష దగ్గరే సగం మంది మేకల వెంట, గేదెల వెంట పోయారు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. సదాశివనగర్ అలా మండల కేంద్రమైంది. ఇది మన కథలో పెద్ద మలుపు. అంతకు ముందు తాలూకా అంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి. మండలం వచ్చాక ఆఫీసు దగ్గరికి వచ్చింది, దాని వెనుక హైస్కూలు బలపడింది, హైస్కూలు వెనుక హాస్టలు నిలబడింది. కుప్రియాల్, పద్మాజివాడి, అడ్లూర్ ఎల్లారెడ్డి, భూంపల్లి వంటి ఊళ్ళ పిల్లలకు పట్నం దాకా పోవలసిన అవసరం తగ్గింది. పెద్ద రోడ్డు మీద ఉన్నాము కాబట్టి బస్సూ దొరికేది. ఆ రోడ్డు అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44.

అదే కాలంలో గురుకులాలు వచ్చాయి. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. ఆ తర్వాత 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. హాస్టలుకు, గురుకులానికి తేడా చిన్న తమ్ముళ్ళకు చెప్పాలి. గురుకులంలో బడీ, బసా ఒకే గోడ లోపల ఉంటాయి. హాస్టల్లో బస మాత్రమే ఉంటుంది, చదువు ఊరి హైస్కూల్లోనే. కాబట్టి హాస్టలు బాగుండాలంటే పక్కనున్న హైస్కూలు బాగుండాలి. హైస్కూలు నిలవాలంటే హాస్టలు పిల్లలు దానికి కావాలి.

పట్నంలో జరిగింది వేరు

పల్లెల్లో సర్కారు హైస్కూళ్ళు పెరుగుతున్న కాలంలోనే పట్నంలో ఇంకొకటి జరిగింది. నిజామాబాద్ 2005లో నగరపాలక సంస్థ అయ్యింది. 2011 లెక్కల నాటికి అక్కడ మూడు లక్షలకు పైగా జనం ఉన్నారు. జనం పెరిగిన కొద్దీ సర్కారు హైస్కూళ్ళు కూడా బస్తీల దగ్గరికి చేరాయి. కాని వాటికంటే వేగంగా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బళ్ళు పెరిగాయి. నౌకరీ ఉన్నవాళ్ళు, దుకాణదారులు, గల్ఫ్ నుంచి పైసలు పంపేవాళ్ళు తమ పిల్లలను అటు పంపారు. సర్కారు బళ్ళో బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, హమాలీల పిల్లలు, కూలీల పిల్లలు మిగిలారు.

బీడీల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన జిల్లాలో ఎందరో ఆడపిల్లలు బడి నుంచి వచ్చి చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. కట్టలు పెరిగితే ఇంటికి రేషన్, బడి మానితే కట్టలు పెరుగుతాయి. పదో తరగతికి ముందే అక్కలు, చెల్లెళ్ళు బడి మానిన ఇళ్ళ నుంచి మేమూ వచ్చాము. ఇంట్లో మగపిల్లలమైన మమ్మల్ని హాస్టలుకు పంపి, మా అక్కలు బీడీలు చుట్టి మాకు చేతి ఖర్చు పంపారు. ఈ అప్పు మేము ఇంకా తీర్చలేదు. 2011 లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం, తెలంగాణ సగటు 66. ఆ తేడాలో మన అక్కలూ ఉన్నారు.

అయిదు కిలోమీటర్ల లెక్క

2009లో కేంద్ర ప్రభుత్వం హైస్కూలు చదువు కోసం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ మొదలుపెట్టింది. 2005–06లో దేశంలో తొమ్మిది, పది తరగతుల్లో స్థూల చేరిక 52 శాతం చిల్లర మాత్రమే, దాన్ని అయిదేళ్ళలో 75కు పెంచాలన్నది లక్ష్యం. ప్రతి నివాసానికి అయిదు కిలోమీటర్లలోపు హైస్కూలు ఉండాలన్నది లెక్క. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలైంది. 2008లోనే మన హైస్కూళ్ళలో సక్సెస్ పేరుతో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు వచ్చాయి. 2013లో మోడల్ స్కూళ్ళు వచ్చాయి. 2014లో తెలంగాణ వచ్చాక గురుకులాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా అయ్యింది.

గురుకులాల గొప్ప మనకు దగ్గరిదే. మన పక్కనున్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. ఆ వార్త వచ్చిన రోజు మేము ఎక్కడెక్కడ ఉన్నామో అక్కడే పండుగ చేసుకున్నాము.

మరి తమ్ముడు అడిగిన ప్రశ్న? అయిదు కిలోమీటర్లలో హైస్కూలు వచ్చింది, గురుకులాలు వచ్చాయి, హాస్టలు ఎందుకు?

మా జవాబు ఇది. అయిదు కిలోమీటర్ల లెక్క రోడ్డును కొలుస్తుంది, ఇంటిని కొలవదు. తల్లిదండ్రులు ఇటుక బట్టీకో, దుబాయికో, హైదరాబాద్ కూలీకో పోయిన ఇంట్లో పిల్లవాడికి బడి పక్కనే ఉన్నా చదువు దూరమే. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో పదో తరగతి పిల్లవాడికి పుస్తకం తెరిచే మూల ఉండదు. గురుకులానికి ప్రవేశ పరీక్ష ఉంది, సీట్లకు లెక్క ఉంది. ఆ పరీక్షలో నెగ్గని పిల్లవాడు, నడుమ బడి మానేసి మళ్ళీ చదువుతానని వచ్చినవాడు, తండ్రి పోయి నడి ఏడాదిలో వచ్చినవాడు ఎక్కడికి పోవాలి? వాళ్ళకు తలుపు తీసేది హాస్టలే. మాలో చాలామంది అలా వచ్చినవాళ్ళమే. మమ్మల్ని తీసుకునేటప్పుడు వార్డెన్ సారు అడిగింది ఒక్కటే, "చదువుకుంటవా?" అని.

ఇప్పుడు మన ముందున్న పని

కష్టమైన మాట కూడా చెప్పాలి. గురుకులాలు పెరిగిన కొద్దీ చాలా చోట్ల హాస్టళ్ళలో పిల్లల సంఖ్య తగ్గింది. సంఖ్య తగ్గితే పక్కదానిలో కలిపేద్దామన్న ఆలోచన వస్తుంది. హాస్టలు పోతే ఊరి హైస్కూల్లో పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, సార్లు లేరని మిగిలిన పిల్లలూ పోతారు. వందేళ్ళు పట్టి మన దగ్గరికి నడిచొచ్చిన హైస్కూలు కొన్నేళ్ళలోనే వెనక్కి నడిచిపోగలదు.

మంచి మాటలూ ఉన్నాయి. 2017 నియామకాల తర్వాత చాలా ఏళ్ళు ఎదురుచూసిన డీఎస్సీ 2024లో జరిగింది, 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. 2015 నుంచి హాస్టళ్ళలో సన్నబియ్యం వండుతున్నారు. 2024 చివర మెస్ చార్జీలు నలభై శాతం పెంచారు. ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయ్యింది. మూడు నుంచి ఏడు తరగతులకు 950 ఉన్నది 1,330 అయ్యింది. పెద్ద పిల్లవాడికి రోజుకు సుమారు 51 రూపాయలు అన్నమాట. ఇందులోనే పొద్దటి టిఫిను, రాత్రి అన్నం, గుడ్డు, పండు అన్నీ సర్దాలి. ఈ లెక్క ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉండాలి. తనకు ఎంత వస్తుందో తెలిసినవాడే పళ్ళెంలో ఏమి ఉండాలో అడగగలడు, మర్యాదగానే అడగగలడు.

పాత విద్యార్థులమైన మేము మాలో మేము మూడు పనులు అనుకున్నాము. ఒకటి, జూన్‌లో బడి తెరిచే ముందు మా మా ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, బడి మానిన పిల్లలను, తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలను హాస్టలుకు తీసుకురావడం. రెండు, పదో తరగతి తమ్ముళ్ళకు జనవరి నుంచి పరీక్షల దాకా ఆదివారాలు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పడం. మూడు, హైస్కూలు సమావేశాలకు హాస్టలు పిల్లల తరఫున వెళ్ళి కూర్చోవడం. ఇంటి దగ్గర ఉండే పిల్లవాడికి అమ్మానాన్నలు వస్తారు. హాస్టలు పిల్లవాడికి ఎవరు రావాలి? మేమే రావాలి.

తమ్ముళ్ళారా, మీరు చేయవలసింది ఒకటుంది. మీ అక్కలు, చెల్లెళ్ళు ఎవరైనా బడి మాని బీడీల దగ్గర కూర్చుంటే ఆ పేరు మాకు చెప్పండి. ఆడపిల్లలకూ హాస్టళ్ళు, కస్తూర్బా బళ్ళు ఉన్నాయి. దరఖాస్తు మేము నింపుతాము, వెంట మేము వస్తాము.

తొమ్మిదో తరగతి తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకు ఇదీ మా జవాబు. హైస్కూలు మన ఊరి దాకా వచ్చింది. అక్కడి నుంచి ప్రతి పిల్లవాడి చేతి దాకా తెచ్చే పని ఇంకా మిగిలే ఉంది. అందుకే ఈ హాస్టలు. వచ్చే వార్షికోత్సవానికి నువ్వు పదో తరగతి పాసై ఉంటావు. అప్పుడు పాత విద్యార్థుల వరుసలో మా పక్కన కూర్చో. కొత్త తమ్ముళ్ళు ఇదే ప్రశ్న అడిగితే జవాబు నువ్వే చెప్పాలి.